మైపాడు కాలువలో దొరికిన చారల చేపలు: జిలేబియా, దువ్వెనా?

పెన్నా గట్టు, నెల్లూరు | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఈరోజు మా అబ్బాయిని తీసుకుని మైపాడు వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు బకింగ్‌హాం కాలువ దగ్గర ఇద్దరు కుర్రాళ్లు చిన్న వల వేసి చేపలు పడుతున్నారు. మావాడు బండి ఆపించి దిగిపోయాడు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మా తాగే నీళ్ల సీసాలో ఐదు చేపపిల్లలు. కుర్రాళ్లు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఒక్కొక్కటి వేలెడంత ఉంది. అన్నిటికీ నిలువు చారలు. ఒకటి మాత్రం కాస్త పసుపు పచ్చగా, చిన్నగా ఉంది. ఇంట్లో రెండడుగుల ఖాళీ తొట్టి ఉంటే అందులో వేశాను. దారిలో అక్వేరియం దుకాణంలో అడిగితే, చూడకుండానే "జిలేబి పిల్లలు సార్, పారేయండి" అన్నాడు. తిలాపియా చేపనే ఇక్కడ జిలేబి అంటారు. మా బావమరిది ఫోటో చూసి దువ్వెన చేపలు అంటున్నాడు. మా ఆవిడ ఏ చేపయినా సరే, వంటింటి బకెట్టు మాత్రం వాడవద్దు అంటోంది. అప్పటికే వాడేశాను.

నాలుగు ఫోటోలు పెట్టాను. ఇవి ఏమిటో చెప్పగలరా?

ఒంగోలు గిత్త | ఆదివారం రాత్రి 9:52

చూడగానే చెప్పవచ్చు. ఐదూ జిలేబియే. నిలువు చారలు, వీపు రెక్క వెనక భాగంలో నల్ల మచ్చ, ఇంకేం కావాలి? మా కొత్తపట్నం వైపు కాలువ నిండా ఇవే. పచ్చగా ఉన్నది భయానికి రంగు మార్చింది, అంతే. పందెం కాయమన్నా కాస్తాను.

కావలి మాస్టారు | ఆదివారం రాత్రి 10:30

గిత్తా, పందెం సంగతి తర్వాత. ఫోటోలో రంగు చూసి జాతి చెప్పడం అంటే చొక్కా చూసి ఇంటిపేరు చెప్పడమే.

సిక్లిడ్ అనే కుటుంబపు చేపలకు చారలు మనసును బట్టి వస్తాయి, పోతాయి. బకెట్టులో వేయగానే కొన్నిటికి చారలు మాయమవుతాయి. కొన్నిటికి అంతకుముందు లేనివి వస్తాయి. పోట్లాటలో గెలిచినదానికి ఒక రంగు, ఓడినదానికి ఒక రంగు. వీపు రెక్క మీది మచ్చ జిలేబి పిల్లల్లో ఉండే మాట నిజమే. కానీ ఆ ఒక్క మచ్చ మీద నేను తీర్పు చెప్పను.

ముందుగా ఇవి సిక్లిడ్ కుటుంబంవేనా అని చూడాలి. ముక్కు చూడండి. చాలా చేపలకు ముఖానికి ఒక్కో పక్క రెండేసి ముక్కు రంధ్రాలు ఉంటాయి. సిక్లిడ్‌కు ఒక్కో పక్క ఒక్కటే. రెండో గుర్తు పక్క గీత. మొప్ప దగ్గర మొదలై తోక దాకా ఒకే గీతగా పోకుండా మధ్యలో తెగుతుంది. పై ముక్క ఒక చోట ఆగిపోతే, కింది ముక్క తోక వైపు వేరేగా మొదలవుతుంది. మీ రెండో ఫోటోలో ముక్కు రంధ్రం ఒక్కటే కనిపిస్తోంది. కాబట్టి కుటుంబం దాకా అనుమానం లేదు. జిలేబి అయినా, దువ్వెన అయినా ఆ కుటుంబమే. చిక్కంతా అక్కడి నుంచే.

మైపాడు వల | సోమవారం ఉదయం 5:15

మాస్టారిది చదువు, నాది చేతి లెక్క. చిన్నప్పటి నుంచి ఈ కాలువలోనే వల వేస్తున్నాను.

చీకట్లో వల దులిపేటప్పుడు రంగు ఎవరికి కనిపిస్తుంది? చేపను కింది నుంచి పట్టుకుంటాం. జిలేబి అయితే వీపు వైపే గుచ్చుతుంది, కింద దాదాపు నున్నగా ఉంటుంది. దువ్వెన అయితే పైనా గుచ్చుతుంది, కిందా గుచ్చుతుంది. పొట్ట దాటిన దగ్గర నుంచి తోక మొదలు దాకా వరసగా ముళ్లే. ఆ పేరు ఎందుకు వచ్చిందో మా నాన్న చెప్పలేదు గానీ, అరచేతికి తెలుసు.

నమ్మకం లేకపోతే పులుసు పెట్టుకుని తిని చూడండి. తిన్న తర్వాత కంచంలో మిగిలేది చూస్తే పిల్లలు కూడా చెప్పేస్తారు. సంతలో దువ్వెనకు ఉన్న ధర జిలేబికి లేదు. రెండూ కలిపి ఒకే కుప్పగా పోసి అమ్మేవాళ్లూ ఉన్నారు, జాగ్రత్త.

కందుకూరు అక్వా | సోమవారం ఉదయం 8:05

వల బాబాయి చెప్పినదే అసలు గుర్తు. దాన్ని అంకెల్లో చెబుతాను. పొట్ట వెనక, తోకకు ముందు ఉండే కింది రెక్కను చూడండి. జిలేబికి ఆ రెక్క ముందు 3 ముళ్లు ఉంటాయి. దువ్వెనకు 12 లేదా 13. మూడుకూ పన్నెండుకూ మధ్య పొరపాటు పడే వీలు లేదు. వీపు రెక్క ముళ్లు లెక్కపెట్టవద్దు. జిలేబికి 15 నుంచి 17, దువ్వెనకు 18, 19. దగ్గర దగ్గరగా ఉంటాయి, కదిలే చేపలో అవి తేలవు.

చేపను చేత్తో పట్టి లెక్కపెట్టవద్దు, ఒంటి మీది జిగురు పోతుంది. స్వీట్ల దుకాణంవాళ్లు ఇచ్చే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. అందులో తొట్టి నీళ్లే పోసి చేపను వదలండి. ఒక అట్టముక్కను అడ్డం పెట్టి చేప తిరగకుండా డబ్బా గోడకు దగ్గరగా నిలబెట్టండి. వెనక నుంచి టార్చి వేసి, ముందు నుంచి ఫోనుతో ఫోటో తీయండి. ఆ తర్వాత ఫోటోను పెద్దది చేసుకుని తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు.

ఒంగోలు గిత్త | సోమవారం ఉదయం 8:20

ఎన్ని ముళ్లు లెక్కపెట్టినా ఐదూ జిలేబియే. చూద్దాం.

పెన్నా గట్టు, నెల్లూరు | సోమవారం రాత్రి 10:10

చెప్పినంత సులువు కాదండీ.

డబ్బా దొరికింది. మావాడు టార్చి పట్టాడు, నేను ఫోను. మొదటి చేప డబ్బాలో వేయగానే ఎగిరి దివాను కిందికి పోయింది. మా అమ్మ గరిట తెచ్చి దాన్ని బయటికి లాగింది. ప్రాణం పోలేదు గానీ ఇంట్లో నా పరువు పోయింది. తర్వాత డబ్బా మీద తడిగుడ్డ కప్పి చేశాం.

మూడు చేపలు తేలిపోయాయి. కింది రెక్క ముందు మూడే ముళ్లు, ఒకదాని కంటే ఒకటి పొడుగ్గా, స్పష్టంగా. గిత్త గారికి మూడు మార్కులు. నాలుగోది, ఐదోది మాత్రం లెక్కకు దొరకడం లేదు. చాలా ముళ్లు ఉన్నాయి. కానీ నేను లెక్కపెడితే 11, మావాడు లెక్కపెడితే 14, మళ్లీ ఇద్దరం కలిసి లెక్కపెడితే 12. ముల్లు ఎక్కడ ఆగిందో, మెత్తటి పుల్ల ఎక్కడ మొదలైందో తెలియడం లేదు.

కందుకూరు అక్వా | సోమవారం రాత్రి 10:35

పదకొండయినా పద్నాలుగయినా అవి జిలేబి కావని తేలిపోయింది. ఆ సంగతి గిత్త గారు గమనించాలి.

ముల్లుకూ పుల్లకూ తేడా చివర చూస్తే తెలుస్తుంది. ముల్లు సూదిలా ఒకే గీత, మొన తేలి ఉంటుంది. పుల్ల మధ్యలో వెదురు కణుపుల్లా అడ్డ గీతలు ఉంటాయి, చివర చీపురు పుల్లలా చీలిపోతుంది. రెక్క విప్పుకున్నప్పుడు తీసిన ఫోటోలోనే లెక్కపెట్టండి. ముడుచుకున్నప్పుడు రెండు ముళ్లు ఒకదాని మీద ఒకటి పడి ఒకటిగా కనిపిస్తాయి.

ఒంగోలు గిత్త | సోమవారం రాత్రి 10:41

గమనించాను. ఐదింట మూడు. పాస్ మార్కులు వచ్చాయి కదా.

కావలి మాస్టారు | మంగళవారం ఉదయం 7:20

ఇప్పుడు రుచికరమైన భాగానికి వచ్చాం. మన దేశపు సహజ సిక్లిడ్‌లు మూడే మూడు. ఆఫ్రికా చెరువుల్లోనూ అమెరికా నదుల్లోనూ వందల కొద్దీ ఉంటే, మనకు మూడు. మిగతావన్నీ మనిషి తెచ్చినవే. మీరు జిలేబి అంటున్న మొజాంబిక్ తిలాపియా 1952లో మన దేశానికి వచ్చింది. ఉప్పునీళ్లూ మంచినీళ్లూ రెండూ దానికి పడతాయి కాబట్టి మన కాలువల్లో ఇల్లు కట్టేసుకుంది.

మన మూడింటిలో మొదటిది దువ్వెన చేప, శాస్త్రనామం ఎట్రోప్లస్ సురటెన్సిస్. జర్మనీ వైద్యుడు మార్కుస్ బ్లాఖ్ 1790లో పేరు పెట్టాడు. సూరత్ ఊరి పేరు మీద పెట్టిన పేరు అది. కేరళవాళ్ల కరిమీన్ ఇదే. 2010లో వాళ్లు దాన్ని రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నారు. మనమేమో జిలేబి కుప్పలో కలిపి అమ్ముకుంటున్నాం. రెండోది ఎట్రోప్లస్ కెనరెన్సిస్. అది కర్ణాటక దక్షిణ కన్నడ వైపు నదుల్లోదే, మన కాలువలో దొరికే ప్రశ్నే లేదు. మూడోది బ్లాఖే 1795లో పేరు పెట్టిన మాక్యులేటస్. దాన్నీ ఎట్రోప్లస్ అనే పిలిచేవారు. ఇప్పుడు సూడెట్రోప్లస్ అని వేరు చేశారు. అక్వేరియంవాళ్లు ఆరెంజ్ క్రోమైడ్ అంటారు. వీటికి దగ్గరి చుట్టాలు ఎక్కడున్నాయో తెలుసా? మడగాస్కర్‌లో.

పెన్నా గట్టు గారూ, మీ నాలుగోదీ ఐదోదీ ఒకే రకం అనుకోవద్దు. ఇక్కడ ముళ్ల లెక్క పనికిరాదు. మాక్యులేటస్‌కు కూడా కింద 12 నుంచి 15 ముళ్లు ఉంటాయి. ఇప్పుడు మచ్చ చూడాలి. పక్క రెక్క మొదట్లో, మొప్ప మూత వెనక నల్లటి మచ్చ ఉండి, ఒంటి మీద ఎనిమిది దాకా చారలు ఉంటే దువ్వెన. పక్క రెక్క మొదట్లో అలాంటిది లేకుండా, ఒంటి నడుమ ఒక పెద్ద గుండ్రటి మచ్చ, దానికి అటూ ఇటూ చిన్న మచ్చలు మసకగా ఉంటే మాక్యులేటస్. ఎదిగిన తర్వాత అయితే అడగాల్సిన పనే ఉండదు. దువ్వెన 20 సెంటీమీటర్లు మామూలుగా పెరుగుతుంది, 40 దాకా కూడా పోతుంది. మాక్యులేటస్ 8 దాటదు.

రంగు మీద తీర్పు చెప్పనని మొన్న అన్నవాడివి, ఇప్పుడు మచ్చ అంటున్నావేమిటని గిత్త అడుగుతాడు. చార వేరు, చోటు మారని మచ్చ వేరు. అయినా ఒకే ఫోటో చూసి చెప్పకుండా, చేప కుదురుకున్న తర్వాత మూడు నాలుగు సార్లు చూసి చెప్పమంటాను.

ఒంగోలు గిత్త | మంగళవారం ఉదయం 9:00

అడగబోయాను, ముందే చెప్పేశారు. మరో మాట. ఆరెంజ్ క్రోమైడ్ అంటే నారింజ రంగులో మెరిసిపోయే చేప కదా మాస్టారూ? జత మూడు వందలకు ఒకసారి కొన్నాను. ఆఫ్రికా చేప అని చెప్పి అమ్మాడు. ఈ ఫోటోలో ఉన్నది మాసిన పసుపు గుడ్డలా ఉంది.

కావలి మాస్టారు | మంగళవారం ఉదయం 9:25

ఆ నారింజ రంగు పెంపకంలో ఏరి ఏరి తెచ్చినది. కాలువలో పుట్టినది ఇలాగే పసుపు, బూడిద కలిసిన రంగులో ఉంటుంది. మన చేపనే ఆఫ్రికా పేరుతో మనకే అమ్మాడన్నమాట. మూడు వందలకు దానికి పాస్‌పోర్టు కూడా ఇచ్చాడా?

మైపాడు వల | మంగళవారం ఉదయం 11:40

ఆ పచ్చది మాకు వలలో పడుతూనే ఉంటుంది. ఎవరూ కొనరు, పిల్లులకు వేస్తాం. మూడు వందలా!

పెన్నా గట్టు, నెల్లూరు | మంగళవారం రాత్రి 8:50

ఇంకో ఇబ్బంది. నాలుగోది, అంటే చారలున్న పెద్దది, ఉదయం నుంచి తొట్టి మూల నక్కి ఉంది. రెక్కలు ముడుచుకుంది. మేత ముట్టలేదు. జిలేబిలు మూడూ హాయిగా తిరుగుతున్నాయి. మా ఇంట్లో మున్సిపాలిటీ నీళ్లు, క్లోరిన్ పోవడానికి ఒక రోజు పట్టి ఉంచినవే.

కందుకూరు అక్వా | మంగళవారం రాత్రి 9:15

చవిటి నీళ్లలో పుట్టినదాన్ని ఒక్కసారిగా మంచినీళ్లలో వేశారు. దువ్వెన మంచినీళ్లలో బతకదని కాదు, మెల్లగా అలవాటు చేయాలి. అలవాటు పడినా కాస్త ఉప్పున్న నీళ్లలోనే కళగా ఉంటుంది.

మళ్లీ మైపాడు వెళ్లే పని ఉంటే రెండు క్యాన్లు సముద్రపు నీళ్లు తెచ్చుకోండి. సముద్రం ఉప్పు 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లకు 35 పాళ్ల దగ్గర ఉంటుంది. ఒక పాలు సముద్రపు నీళ్లకు మూడు పాళ్లు మంచినీళ్లు కలిపితే 9 దగ్గరకు వస్తుంది, ఆ మాత్రం చాలు. ఒకే రోజు పోయవద్దు, నాలుగైదు రోజుల్లో కొద్దికొద్దిగా మార్చండి. రొయ్యల గుంటలవాళ్లు ఎవరైనా తెలిసినవాళ్లుంటే ఉప్పు కొలిచే పరికరం వాళ్ల దగ్గర ఉంటుంది, ఒక చుక్క నీళ్లు వేసి చూసి ఇస్తారు. మన జిల్లాలో ఆ పరికరం లేని ఊరు వెతుక్కోవాలి. వంట ఉప్పు వేసి సరిపెట్టవద్దు, సముద్రపు నీళ్లలో ఉండేది ఒక్క ఉప్పే కాదు.

చీమకుర్తి రాయి | బుధవారం ఉదయం 6:50

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నా దగ్గర నుదురు ఉబ్బిన ఎర్ర ఫ్లవర్‌హార్న్ ఉంది. అది ఏ జాతి అంటారు? ముళ్లు లెక్కపెట్టాలా?

కావలి మాస్టారు | బుధవారం ఉదయం 7:05

వద్దు. అది ఏ జాతీ కాదు. మధ్య అమెరికా సిక్లిడ్‌లు కొన్నిటిని కలిపి మలేషియాలో 1990ల్లో తయారు చేసిన సంకరం. లెక్కపెట్టబోతే వేలు కొరుకుతుంది.

ఒంగోలు గిత్త | బుధవారం మధ్యాహ్నం 1:30

పనిలో పనిగా నా గొడవ కూడా తేల్చండి. మా బోరు నీళ్లు కాస్తే గిన్నెకు తెల్లగా గార పట్టేంత గట్టివి. అందుకే ఆఫ్రికా మలావీ చెరువు చేపలు పెంచుతున్నాను, వాటికి ఆ నీళ్లు బాగా నప్పాయి. మూడు నెలల కింద డెమసోనీ అని చెప్పి ఆరు పిల్లలు ఇచ్చారు. నీలం ఒళ్లు, నల్ల చారలు. ఒక మిత్రుడు వచ్చి చూసి ఇవి డెమసోనీ కావు, సౌలోసీ అన్నాడు. ఇంకొకడు కెన్యీ అన్నాడు. ముగ్గురు చెప్పిన చేపలకూ నీలం ఒళ్లు, నల్ల చారలే. కింద ముళ్లు లెక్కపెట్టాను, అన్నిటికీ మూడే. మీ దువ్వెన లెక్క ఇక్కడ చేతులెత్తేసింది.

కందుకూరు అక్వా | బుధవారం మధ్యాహ్నం 3:10

ఎత్తేస్తుంది. ఆ లెక్క మన దేశపువాటిని జిలేబి నుంచి విడదీయడానికి. మలావీ చేపలు తమలో తాము పోల్చుకోవడానికి కాదు. నేను మేడ మీద ఈ మూడింటినీ పెంచి, రెండుసార్లు మోసపోయి నేర్చుకున్నది చెబుతాను.

నీలం మీద నల్ల చారలు మూడింటికీ ఉన్న మాట నిజం. కానీ ఏ వయసులో, మగదానికా ఆడదానికా అన్నదే కీలకం. సౌలోసీ పిల్లలన్నీ పసుపు. ఆడది చివరి దాకా పసుపే. మగది ఎదిగే కొద్దీ నీలమై చారలు తెచ్చుకుంటుంది. కెన్యీ సరిగ్గా తిరగేసినట్టు ఉంటుంది. పిల్లలు నీలం, ఆడది నీలంగానే మిగులుతుంది, మగది పసుపైపోతుంది. డెమసోనీకి ఈ నాటకం లేదు. పిల్ల, పెద్ద, ఆడ, మగ అన్నీ ఒకటే ముదురు నీలం, ఒకటే నల్ల చారలు.

కాబట్టి మీ చేపలు అంగుళం పిల్లలుగా ఉన్నప్పుడే నీలంగా ఉంటే సౌలోసీ కాదు. మిగిలినవి డెమసోనీ, కెన్యీ. డెమసోనీ 8 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది, కెన్యీ దాన్ని దాటి పోతుంది. నీలం కూడా కెన్యీకి కాస్త వెలిసినట్టు ఉంటుంది. కానీ పక్కన పెట్టి చూసుకోవడానికి రెండోది లేనప్పుడు వెలిసిందో లేదో ఎలా తెలుస్తుంది? ఆగి చూడటమే దారి. ఏదో ఒకటి గొంతు కింద పసుపు పట్టిందంటే కథ ముగిసినట్టే.

కెన్యీ అయితే ముందుగానే చెబుతున్నాను, చాలా పోట్లాడే చేప. మెతక చేపలతో కలిపి ఉంచవద్దు.

ఒంగోలు గిత్త | బుధవారం మధ్యాహ్నం 3:22

ఆరూ డెమసోనీయే. పందెం కాస్తాను.

మైపాడు వల | బుధవారం సాయంత్రం 6:00

ఈయన పందెం అంటే నేను అవతలి పక్క కాస్తాను.

పెన్నా గట్టు, నెల్లూరు | శనివారం రాత్రి 9:30

నాలుగు రోజులు కనిపించనందుకు క్షమించండి. గురువారం తెల్లవారుజామున మైపాడు వెళ్లి రెండు క్యాన్ల నీళ్లు తెచ్చాను. ఆఫీసులో అడిగితే ఏమని చెప్పాలో తెలియలేదు, కడుపునొప్పి అన్నాను.

ఈ సాయంత్రానికి నాలుగోది మూలలో నుంచి బయటికి వచ్చింది. రెక్కలు పూర్తిగా విప్పింది. మళ్లీ డబ్బాలో వేసి ఫోటో తీశాం. ఈసారి గుడ్డ ముందే కప్పాం. ఫోటోను కంప్యూటర్‌లో పెద్దది చేసి, ఒక్కో ముల్లు మీద మావాడు అగ్గిపుల్ల పెట్టి లెక్కపెట్టాడు. 12. ఆ తర్వాతది చివర చీలి ఉంది. పక్క రెక్క మొదట్లో నల్ల మచ్చ ఉంది. చారలు ఎనిమిది. పొలుసుల మీద ముత్యపు పొడి చల్లినట్టు తెల్లటి చుక్కలు ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నాయి. మా బావమరిదికి ఫోను చేసి చెప్పాను, పొంగిపోయాడు.

ఐదోదానికి 13 ముళ్లు. ఒంటి నడుమ గుండ్రటి మచ్చ. చారలు అనుకున్నవి ఇప్పుడు లేనే లేవు. అంటే మూడు జిలేబి, ఒక దువ్వెన, ఒక మాక్యులేటస్. ఒకే సీసాలో!

జిలేబిలను ఏం చేయాలి? స్వర్ణాల చెరువులో వదిలేయమంటున్నాడు మా పక్కింటాయన.

కావలి మాస్టారు | శనివారం రాత్రి 9:50

చెరువులో వద్దు. మూడు చేపలే కదా అనుకోవద్దు. ఆడది గుడ్లను నోట్లో పెట్టుకుని పొదిగి, పిల్లలు ఈదేదాకా కాపాడే చేప అది, ఒక్క జత చాలు. ఉంచుకుంటే విడిగా ఉంచుకోండి, లేదా వల గారికి ఇచ్చేయండి.

తోక మీద నిలువు గీతలు వరసగా ఉన్నాయా? ఉంటే నైలు తిలాపియా, లేకపోతే మొజాంబిక్. రెండూ కలిసిన సంకరాలూ ఉంటాయి, అక్కడ నేను కూడా తల గోక్కుంటాను.

పెన్నా గట్టు, నెల్లూరు | శనివారం రాత్రి 10:05

తోక మీద ఏమీ లేవు, ఖాళీగా ఉంది. రేపు వల గారి దగ్గరకు తెస్తాను.

ఇంకొకటి అడగాలి. అన్నం తింటూ చూస్తున్నాను. ఆ పచ్చ చిన్నది పెద్ద దువ్వెన దగ్గరకు వెళ్లి దాని రెక్కలను పొడుస్తోంది. పెద్దది పారిపోవడం లేదు. రెక్క విప్పి కదలకుండా నిలబడింది. కొరుకుతోందా? విడదీయనా?

కావలి మాస్టారు | శనివారం రాత్రి 10:20

విడదీయవద్దు, చూడండి. దాని ఒంటి మీది పరాన్నజీవులను ఏరుకుని తింటోంది. ఈ రెండు చేపల మధ్య ఈ శుభ్రం చేసే పని ఉందని శాస్త్రజ్ఞులు గమనించి రాశారు. పెద్దది అలా నిలబడటమే అనుమతి. అయితే మరీ మురిసిపోకండి. దువ్వెన ఎప్పుడైనా గుడ్లు పెట్టిందంటే ఆ గుడ్లనూ పిల్లలనూ తినేదీ ఈ పచ్చదే.

పెన్నా గట్టు, నెల్లూరు | శనివారం రాత్రి 11:15

ఇంకా చూస్తూనే ఉన్నాం. మావాడు కుర్చీలోనే నిద్రపోయాడు.

ఒంగోలు గిత్త | ఆదివారం ఉదయం 6:40

వల బాబాయీ, మన పందెం ఎంత అనుకున్నాం? పొద్దున్నే మేత వేయబోయి చూశాను. ఆరింటిలో పెద్దదానికి గొంతు కింద పసుపు పట్టింది. తుడిస్తే పోతుందేమోనని అద్దం రెండుసార్లు తుడిచాను.

మైపాడు వల | ఆదివారం ఉదయం 6:55

అంకె ఏమీ అనుకోలేదు. ఒంగోలు నుంచి వచ్చేటప్పుడు మీ మూడు వందల పచ్చ చేపల జత తీసుకురండి, చాలు. మా పిల్లికి చూపిస్తాను.